31వ తేదీ ఎవరి వంతు?

అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయములోనే ఇద్దరు స్త్రీలను పేరుపెట్టి జ్ఞాపకం చేసుకున్నాడు. ఒకరు తిమోతి అవ్వ లోయి, మరొకరు తల్లి యునీకే. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో ఉన్నది గాని ఆయన పేరు లేదు. ఆ ఇంట విశ్వాసపు దీపం ఆరిపోకుండా చూసినది ఆ అవ్వ, ఆ తల్లి. మా ఇంట అటువంటి దీపం మా నాయనమ్మ. ఆమెను గూర్చి వ్రాయాలని ఆమె మనుమలము, మనుమరాండ్రము ఎంతో కాలంగా అనుకుంటున్నాము. ఇందులో ఆమె భక్తి ఎంత ఉన్నదో మా తప్పు కూడా అంతే ఉన్నది. రెండూ వ్రాస్తేనే సాక్ష్యము అవుతుంది.

మాది రేపల్లె ప్రాంతపు పల్లె, లూథరన్ సంఘము. నాయనమ్మకు తాను పుట్టిన తేదీ తెలియదు. బడి ముఖం చూడలేదు. నాట్లకు, కలుపుకు, కోతలకు వెళ్ళి ఇద్దరు కొడుకులను పెంచింది. 23వ కీర్తన మాత్రం చిన్ననాటి నుండి నోటికి వచ్చు. మాలో పెద్ద అమ్మాయి ఒకటో తరగతిలో చేరినప్పుడు నాయనమ్మ బైబిలులో ఆ కీర్తన తీయించి, నోటితో చెబుతూ, ఒక్కొక్క అక్షరం క్రింద వ్రేలు పెట్టుకుంటూ పోయేది. నోటికి వచ్చిన మాటే కంటికి అక్షరమైంది. రెండేళ్ళు తిరిగేసరికి సువార్తలు కూడబలుక్కొని చదవసాగింది. ఆమె నేర్చుకుంటూ మాకు నేర్పింది.

ఆమె దగ్గర ఒక మట్టికుండ ఉండేది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్ళేవి. మన ఆంధ్ర సంఘాలలో పిడికెడు బియ్యం సంగతి తెలియని స్త్రీ ఉండదు. కూలి లేక ఇంట్లో అరకొరగా వండుకున్న రోజున కూడా ఆ పిడికెడు తగ్గేది కాదని మా నాన్నలు చెబుతారు.

1977 నవంబరు 19, శనివారం. కృష్ణకు అవతలి ఒడ్డున దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది చనిపోయారు. ఇవతల మా ఊరిలో గాలికి ఇళ్ళ మీది తాటాకు లేచిపోయింది. తెల్లవారితే ఆదివారం. వీధిలో ఎవరి ఇంటా పొయ్యి రాజేసే వీలు లేదు. నాయనమ్మ మూలనున్న కుండ మూత తీసి, "ప్రభువు బియ్యం ప్రభువు బిడ్డలే తింటారు" అని, తడి పుల్లలతో నానాపాట్లు పడి గంజి కాచి వీధి పిల్లలందరికీ పోసింది. అంతటితో ఆగలేదు. మరుసటి ఈస్టరు పండుగ వరకు పూటకు రెండు పిడికెళ్ళు వేసి ఆ అప్పు తీర్చింది. అప్పని ఎవరూ అనలేదు. ఆమె లెక్క ఆమెది.

1996 డిసెంబరులో తాతయ్య ప్రభువునందు నిద్రించాడు. అప్పటికి మా నాన్నలు ఇద్దరూ వేరు కాపురాలు. పెద్దలు కూర్చుని నాయనమ్మకు వంతులు పెట్టారు. బేసి నెలలు పెద్ద కొడుకు ఇంట, సరి నెలలు చిన్న కొడుకు ఇంట. ఊరిలో అందరూ చేసేదే, తప్పని ఎవరికీ తోచలేదు. నెల మారగానే ఆమె ట్రంకు పెట్టె, దుప్పటి, బియ్యం కుండ వీధి ఈ కొస నుండి ఆ కొసకు మోసినది మేమే. మాకు అది ఆటలా ఉండేది.

మొదటి నెలలోనే తగవు వచ్చింది. జనవరికి 31 రోజులు. "ముప్పై రోజులు మేము పెట్టాము, ఈ ఒక్క రోజు మీది" అని ఒక ఇంటివారు, "నెలంటే నెల, మీదే" అని మరొక ఇంటివారు. మా అమ్మలు గోడ మీది క్యాలెండరు చూపుకుంటూ వాదించుకున్నారు. నాయనమ్మ పశువుల కొట్టం దగ్గర నిలబడి వింటున్నది. ఆ సంగతి మాకు జ్ఞాపకమే. మరి ఆ తగవు తిరిగి రాలేదు. సర్దుకున్నారనుకున్నాము.

సర్దినది నాయనమ్మ. ఆ మార్చి నుండి 31వ తేదీ వస్తే ఉపవాస ప్రార్థన అని చెప్పి, తెల్లవారుజామున చేతిసంచిలో బైబిలు పెట్టుకొని గుడికి వెళ్ళిపోయేది. మరునాడు ఉదయం నేరుగా రెండవ ఇంటికి వచ్చేది. సంవత్సరానికి 31 రోజుల నెలలు ఏడు. జూలై 31కి ఆమె దగ్గర కారణం ఉన్నది. 1842లో ఫాదర్ హయ్యర్‌గారు గుంటూరు చేరిన రోజది. అక్టోబరు 31 సంస్కరణ దినము. డిసెంబరు 31 ఎలాగూ సంవత్సరాంతపు ఆరాధన. జనవరికి, మార్చికి, మేకు, ఆగస్టుకు కారణమేమిటని మేము ఒక్కనాడూ అడుగలేదు. "మా నాయనమ్మ ప్రార్థనాపరురాలు" అని గర్వంగా చెప్పుకున్నాము.

2010 నవంబరులో ఆమె ప్రభువు సన్నిధికి వెళ్ళింది. ఆదరణ కూటములో అందరూ ఆమె భక్తిని గూర్చి చెప్పారు. చివరకు గుడి పక్కన ఉండే వృద్ధురాలైన బైబిలు స్త్రీ లేచారు. నాయనమ్మ 31వ తేదీ రాత్రులు పడుకున్నది ఆమె ఇంటి వసారాలోనే. "నాకు ఒట్టు పెట్టింది గనుక ఇన్నాళ్ళు చెప్పలేదు. అన్నం తినవే అంటే, అక్కా, ఇవాళ పెద్దోడి వంతూ కాదు, చిన్నోడి వంతూ కాదు, ప్రభువు వంతు అనేది. సాయంత్రం గ్లాసుడు మజ్జిగ తాగేది. కొడుకుల పేర్లు, కోడళ్ళ పేర్లు, మనుమల పేర్లు ఒక్కొక్కటి చెప్పి ప్రార్థన చేసేది" అన్నారు.

కూటములో ఎవరూ మాట్లాడలేదు. మా నాన్నలు ఇద్దరూ తలలు వంచుకొని ఏడ్చారు. మేము ఇంటికి వచ్చి లెక్క వేశాము. 1997 మార్చి నుండి 2010 అక్టోబరు వరకు అటువంటి రోజులు 96. రెండు ఇళ్ళలోనూ బియ్యం ఉన్నవి. ఆ 96 రోజులలో ఒక్కనాడైనా మాలో ఒకరము వెళ్ళి "నాయనమ్మా, రా, అన్నం తిందాము" అని ఉంటే!

మార్కు సువార్త 7వ అధ్యాయములో, తల్లిదండ్రులకు చేయవలసినది కొర్బాను అని పక్కకు పెట్టినవారిని మన ప్రభువు గద్దించాడు. దేవుని పేరు చెప్పి వారు తమ బాధ్యత తప్పించుకున్నారు. మా ఇంట జరిగినది దానికి తలక్రిందులు. మా బాధ్యతను కప్పిపెట్టడానికి మా నాయనమ్మ దేవుని పేరు చెప్పుకున్నది. మమ్మును సిగ్గుపడనీయకూడదని ఆకలిని భక్తిగా చూపించింది. ఆమెను ప్రభువు ఎరుగును. మమ్మును కూడా ఎరుగును.

మన దేశంలో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకు చట్టం వచ్చింది. పెద్దలు తమను తాము పోషించుకోలేకపోతే కొడుకులు, కూతుళ్ళే గాక యుక్తవయస్సు వచ్చిన మనుమలు, మనుమరాండ్రు కూడా బాధ్యులని అందులో ఉన్నది. పౌలు ఆ మాటను మొదటి తిమోతి 5వ అధ్యాయము 4వ వచనములో ఏనాడో వ్రాశాడు. విధవరాలి భారం సంఘము మీద వేయక ముందు పిల్లలదీ, మనుమలదీ అని, ఇంట్లో చూపని భక్తి గుడిలో చూపలేమని దాని భావము. మేము ఆ వచనము ఎన్నోసార్లు విన్నాము. "మనుమలు" అన్న మాట మా చెవిని పడలేదు.

ఇప్పుడు మా అమ్మలకు నాయనమ్మ వయస్సు వచ్చింది. మా ఇళ్ళలో వంతులు లేవు. వారికి ఎక్కడ ఉండాలనిపిస్తే అక్కడ, ఎన్నాళ్ళనిపిస్తే అన్నాళ్ళు. 31వ తేదీన మాత్రం సంఘంలోని ఒంటరి పెద్దలను ఒకరినో ఇద్దరినో పిలిచి మాతో కూర్చోబెట్టుకొని భోజనం పెడుతున్నాము. దీనితో 96 రోజుల అప్పు తీరదని మాకు తెలుసు. నాయనమ్మ కుండ మాత్రం పొయ్యి దగ్గరే ఉన్నది, పిడికెడు పడుతూనే ఉన్నది.

ప్రియమైన చదువరులారా, మీ ఇంట అవ్వ, తాత, ముసలి తల్లి ఉన్నారా? వారు తరచుగా ఉపవాసము ఉంటున్నారా? ఆకలి లేదంటున్నారా? దయచేసి ఒకసారి ప్రక్కన కూర్చుని అడగండి. మీ గోడ మీది క్యాలెండరులో 31వ తేదీ ఎవరి వంతో ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో తేల్చుకోండి. అడిగే అవకాశం మాకు పోయింది. మీకు ఇంకా ఉన్నది. ప్రభువు మీ ఇంటి పెద్దలను దీవించి, మీ చేతి అన్నముతో వారిని తృప్తిపరచును గాక. ఆమేన్.