ఇటుక బట్టీ పొగ: మీ ఊరికి వర్తించే రూల్స్ ఏంటి? ఎవరికి ఫిర్యాదు చేయాలి?

పటాన్‌చెరు, సంగారెడ్డి చుట్టుపక్కల ఇల్లు కడుతున్నారా? మీ సైట్‌లో బొగ్గు ముక్క ఒక్కటి కూడా కనిపించదు. కానీ ఇటుక, సిమెంటు, స్టీలు.. ఈ మూడింటి తయారీ వెనుకా బొగ్గు ఉంది. సిమెంటు, స్టీలు చాలావరకు ఎక్కడో తయారై వస్తాయి. ఇటుక మాత్రం దగ్గర్లోనే కాలుతుంది. ఆ పొగ మనమే పీల్చాలి.

బొగ్గు ఎందుకు కావాలి?

సున్నపురాయిని దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తేనే సిమెంటుకు మూలమైన క్లింకర్ వస్తుంది. ఇనుప ఖనిజం నుంచి ఇనుము తీయడానికి బొగ్గుతో చేసిన కోక్ వాడతారు. పచ్చి ఇటుకను బట్టీలో బొగ్గు, ఊక, కట్టెలతో కాలుస్తారు.

వేరే దేశాల్లో ఎలా ఉంది?

ప్రపంచ సిమెంటులో దాదాపు సగం చైనాదే. రెండో స్థానం మనది. రెండు చోట్లా సిమెంటు తయారీకి బొగ్గు వాడతారు. యూరప్ సిమెంటు ఫ్యాక్టరీలు బొగ్గు తగ్గించి పాత టైర్లు, ప్లాస్టిక్ వ్యర్థాలు వాడుతున్నాయి. సిమెంటు కొలిమిలో వేడి చాలా ఎక్కువ కాబట్టి అక్కడ అది కుదురుతుంది. ఇటుక బట్టీలో అదే పని చేస్తే విషపు పొగ వస్తుంది. నేపాల్‌లో 2015 భూకంపానికి కూలిన బట్టీల్లో కొన్నింటిని జిగ్‌జాగ్ పద్ధతిలో తిరిగి కట్టారు. ఇందులో వేడిగాలి ఇటుకల వరసల మధ్య వంకరటింకరగా తిరుగుతుంది. బొగ్గు పూర్తిగా మండుతుంది, నల్ల పొగ తగ్గుతుంది.

మన దగ్గర రూల్స్ ఏంటి?

కేంద్ర పర్యావరణ శాఖ 2022 ఫిబ్రవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో ముఖ్యమైనవి:

- టైర్లు, ప్లాస్టిక్, పెట్‌కోక్, ప్రమాదకర వ్యర్థాలు కాల్చకూడదు.
- కొత్త బట్టీ ఇళ్లకు, పండ్ల తోటలకు కనీసం 800 మీటర్ల దూరంలో ఉండాలి.
- గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని పట్టణాలకు 10 కిలోమీటర్ల లోపున్న పాత బట్టీలు ఏడాదిలో జిగ్‌జాగ్ వంటి పద్ధతికి మారాలి. మిగతా చోట్ల గడువు రెండేళ్లు.

తెలంగాణలో అలాంటి పట్టణాల జాబితాలో హైదరాబాద్, నల్గొండతో పాటు పటాన్‌చెరు, సంగారెడ్డి కూడా ఉన్నాయి. అంటే మీ ప్రాంతానికి వర్తించింది ఏడాది గడువే. అది ఎప్పుడో ముగిసింది.

మీరేం చేయొచ్చు?

బట్టీ పొగ ఇబ్బంది పెడుతుంటే ఊరి పేరు, తేదీ, సమయం రాసి, ఫొటోలు జత చేసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. రసీదు తప్పనిసరిగా తీసుకోండి. బట్టీకి మండలి అనుమతి ఉందో లేదో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇల్లు కట్టేవారికి మరో దారి ఫ్లైయాష్ ఇటుక. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే ఈ ఇటుకను బట్టీలో కాల్చాల్సిన పని లేదు, నీళ్లు పట్టి ఆరబెడితే చాలు. కొనే ముందు సరిగ్గా క్యూరింగ్ చేశారో లేదో అడిగి తెలుసుకోండి.