వరిచేల నడుమ విడిది

కోనసీమలో వరిచేల మధ్య విడిదికి బయల్దేరే కుటుంబం గది అద్దె కన్నా ముందు కాలువ నీళ్ల సంగతి తెలుసుకోవాలి. గోదావరి పాయల నడుమ ఉన్న ఈ డెల్టాకు ధవళేశ్వరమే ఆధారం. 1852లో ఆర్థర్ కాటన్ అక్కడ ఆనకట్ట పూర్తిచేశాడు. తర్వాత దాని స్థానంలో బ్యారేజి వచ్చింది. నీరు వదిలితేనే చేనుకు పచ్చదనం.

సార్వాకు, అంటే వానాకాలపు పంటకు, సాధారణంగా జూన్‌లో కాలువలు వదులుతారు. ఆకుమడిలో నారు ఎదిగాక, చేను దమ్ము చేసి, జూలై, ఆగస్టుల్లో ఊడుస్తారు. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం దాదాపు 150 రోజుల పంట. అలాంటి చేను అక్టోబరులో ఈనుతుంది, నవంబరు, డిసెంబరుల్లో కోతకొస్తుంది. వెంటనే రెండో పంటైన దాళ్వాకు నాట్లు మొదలవుతాయి, అది ఏప్రిల్‌లో పండుతుంది. ఆ తర్వాత కాలువలు కట్టేస్తారు. పిల్లలకు బడి సెలవులు వచ్చే మే నెలలో ఇక్కడ ఎండిన మోళ్లు, బీటలు వారిన మళ్లే కనబడతాయి. పచ్చదనం కోసం వచ్చేవారికి ఆగస్టు, సెప్టెంబరు నెలలు మేలు. సంక్రాంతి అయితే ఇంకా మంచిది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ల ప్రభలను, అంటే దేవుళ్లను నిలిపి అలంకరించిన వెదురు చట్రాలను, భుజాల మీద మోసుకుంటూ చేలకు అడ్డంపడి, కాలువ దాటించి తీసుకెళతారు. నాటిన చేను తొక్కుడు పడినా రైతు దాన్ని శుభంగానే తలుస్తాడు.

విడిది కట్టడానికి ఈ నేల పాత పద్ధతులే దారి చూపిస్తాయి. మండువా లోగిలిలో నడిమి వాకిలి ఆకాశానికి తెరిచి ఉంటుంది. వేడిగాలి అక్కడి నుంచి పైకి పోతుంది, వానపడితే నీరు మధ్యలోకే జారి బయటికి పారుతుంది. పెంకు కప్పు, ఎత్తైన అరుగులు, ఎదురెదురు కిటికీలు ఉంటే ఏసీ అవసరం చాలావరకు తగ్గుతుంది. వరిమళ్లలో నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయి గనుక కిటికీలకు జాలీ, మంచాలకు దోమతెర తప్పనిసరి.

చేనుకు చేటు చేయకుండా బతకడంలోనే అసలు పరీక్ష ఉంది. సబ్బునీరు బోదెలోకి వదిలితే అది మడిలోకే చేరుతుంది. మంచి విడిదిలో స్నానాల గదుల నీటిని మెట్టతామర మొక్కల మడి గుండా పారించి, కొబ్బరి చెట్లకు మళ్లిస్తారు. దీపాల విషయం చాలామందికి తట్టదు. సుడిదోమ, కాండం తొలిచే పురుగు రెక్కల దశలో వెలుతురుకు ఎగబడతాయి. రాత్రంతా చేనువైపు ఫ్లడ్‌లైట్లు వెలిగించే విడిదిని పర్యావరణహితమని పిలవడం సరికాదు.

పిల్లలకు ఇక్కడ దొరికే గొప్ప పాఠం ఊడ్పులు. వరసగా వంగిన ఆడవాళ్లు ఎడమచేత నారుకట్ట పట్టుకుని, కుడిచేత్తో రెండు మూడు మొక్కలు తీసి బురదలోకి వేళ్లతో నొక్కుతూ వెనక్కి నడుస్తారు. దమ్ము చేసే ట్రాక్టరు వెనకే కొంగలు పురుగుల కోసం దిగుతాయి. అది చూడటానికి గట్టు మీద నిలబడితే చాలు. నాటేవాళ్లు రమ్మంటేనే పిల్లల్ని మడిలోకి దింపాలి. పుండ్లు, గాయాలు ఉన్నవారు మాత్రం దిగకూడదు, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదముంది. మందు కొట్టిన చేనుకు దూరంగా ఉండాలి. గట్ల మీద తాచు, రక్తపింజర తిరుగుతాయి కాబట్టి చీకటి పడ్డాక టార్చిలైటు, బూట్లు లేకుండా కదలకూడదు. పాము కరిస్తే నాటువైద్యంతో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

తిండి విషయంలో విడిదికి ఎక్కడికీ వెతుక్కుంటూ పోవలసిన పనిలేదు. కొబ్బరి, పనసపొట్టు కూర, వరద కాలంలో పులస అన్నీ దగ్గరివే. పక్కనే ఆత్రేయపురంలో పూతరేకులు చేస్తారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను పైన ఒక్కసారి పరిచి లాగుతారు. క్షణాల్లో కాగితం కన్నా పలచని రేకు లేస్తుంది. అందులో నెయ్యి రాసి, బెల్లం లేదా పంచదార పొడి చల్లి మడతపెడతారు.

ఈ విడుదుల వెనక రైతు లెక్క ఒకటుంది. కూలి ఖర్చు పెరిగి, ధర గిట్టక, మురుగు కాలువలు పూడిపోయి 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. సొంత చేను పక్కన రెండు గదులు కట్టుకున్న రైతుకు, ఆ అద్దె చేను వదలకుండా సాగు చేసుకునే ఆసరా అవుతుంది. అదే మళ్లు పూడ్చి కాటేజీలు లేపితే ఆ చేనే మిగలదు. అందుకే గది మాట్లాడుకునే ముందు చుట్టూ ఉన్న చేను ఎవరిదో, దాన్ని ఎవరు సాగు చేస్తున్నారో, వంటింటి బియ్యం అక్కడిదేనా అని అడగడం మంచిది.