మీకు తెలుసా? అయిదు సెంట్ల క్షవరంతో మొదలైన గుడి

కెనడాలోని మాంట్రియల్‌లో మౌంట్ రాయల్ కొండమీదున్న పునీత జోజప్పగారి మహా దేవాలయానికి తొలి డబ్బు సమకూరింది బడిపిల్లల క్షవరాల మీద, తలకు అయిదు సెంట్ల చొప్పున!

ఆ కత్తెర పట్టింది బ్రదర్ ఆంద్రే బెస్సెట్. 1845లో పుట్టి, పన్నెండేళ్లకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నాడు. చదువు అంతంతమాత్రం, ఒంట్లో సత్తువా తక్కువే. హోలీ క్రాస్ సభవారు చేర్చుకోవడానికే తటపటాయించి, చివరికి నోట్రడామ్ కాలేజీలో ద్వారపాలకుడి పని అప్పగించారు. దాదాపు నలభై ఏళ్లు ఆయనకు అదే కొలువు. తలుపు తీయడం, నేల తుడవడం, ఉత్తరాలు అందించడం, పిల్లలకు జుట్టు కత్తిరించడం. ఆ చిల్లరే కూడబెట్టి 1904లో కొండమీద చిన్న ప్రార్థనా మందిరానికి శ్రీకారం చుట్టాడు. ఆయన ప్రార్థనతో రోగాలు నయమయ్యాయని జనం బారులు తీరితే, అది జోజప్పగారి చలవే తప్ప తనది కాదని గట్టిగా చెప్పేవాడు.

జ్ఞానోపదేశం తరగతిలో ఈయన కథ చెప్పేవారు అద్భుతాలకన్నా ముందు ఆ కత్తెర, చీపురు దగ్గర మొదలుపెడితే బాగుంటుంది. ఎనిమిదేళ్ల పిల్లకు కూడా అవి తెలిసిన వస్తువులే.

1937 జనవరిలో ఆయన చనిపోయినప్పుడు, ఎముకలు కొరికే చలిలో సుమారు పది లక్షలమంది కడసారి చూపుకు వచ్చారు. 2010 అక్టోబరు 17న పోపు 16వ బెనెడిక్ట్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు.