బండి ఒక్కటే.. పనులు వంద!

కల్లూరు (రాయచూరు జిల్లా): పొద్దున రాయచూరులో డ్యూటీ, సాయంత్రం పొలం, ఆదివారమైతే మంత్రాలయం. కల్లూరు చుట్టుపక్కల తెలుగువారి ఇళ్లలో వీటన్నిటికీ ఒకే బండి. మరి ఏది కొనాలి?

ముందు లెక్క వేసుకోవాలి. రోజుకు 50 కి.మీ. చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే, లీటరుకు 60 కి.మీ. ఇచ్చే 100 సీసీ బండికి 21 లీటర్ల పెట్రోలు చాలు. 45 ఇచ్చే 150 సీసీ బండికి 28 లీటర్లు పోయాలి. నెలనెలా 7 లీటర్ల తేడా! తరచూ ఇద్దరెక్కి దూరం వెళ్లేవారికి మాత్రం 125 సీసీ మేలు. సీటు ఎత్తు కాళ్లకు అందుతుందో లేదో ఎక్కి చూడాలి. దగ్గర్లో ఆ బండి విప్పే మెకానిక్కు, సామాన్లు దొరుకుతాయో లేదో అడగాలి.

ఎన్‌వోసీ మరవొద్దు

కర్నూలులోనో, మహబూబ్‌నగర్‌లోనో చవగ్గా వస్తోందని పాత బండి తెచ్చుకునేవారు జాగ్రత్త. పక్క రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే మళ్లీ రిజిస్ట్రేషన్‌ తప్పదు. అందుకు అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే ఎన్‌వోసీ కావాలి. ఇక్కడ పన్ను కట్టాకే కేఏ-36 నంబరు. ఆ ఖర్చూ కలిపితే చవక బేరం కాస్తా పిరమవుతుంది. అందుకే తాళం కన్నా ముందు కాగితాలు చేతికి తీసుకోవాలి.