అదే సీరియల్, వేరే కుర్చీ: బిడ్డ పుట్టాక పాత హాస్యం ఎందుకు కొత్తగా కనిపిస్తుంది?

1995లో జీ టీవీలో మొదలైన ‘హమ్ పాంచ్’ చూసినవాళ్లకు గోడమీది ఫొటో గుర్తుండే ఉంటుంది. ఐదుగురు ఆడపిల్లల తండ్రి ఆనంద్ మాథుర్. పిల్లల అల్లరితో విసిగిపోయినప్పుడల్లా చనిపోయిన మొదటి భార్య ఫొటో ముందు నిలబడి గోడు వెళ్లబోసుకుంటాడు. ఫొటోలోని ఆవిడ బదులు చెబుతుంది, ఎత్తిపొడుస్తుంది కూడా. పదేళ్ల వయసులో అది చూసిన పిల్లకు నవ్వొచ్చింది ఫొటో మాట్లాడినందుకు. అదే పిల్ల పెద్దదై, ఒళ్లో బిడ్డను పడుకోబెట్టుకుని ఫోనులో ఆ సన్నివేశాన్ని మళ్లీ చూస్తే కంటికి ఆనేది వేరు. ఇంటినిండా మనుషులున్నా తన మాట చెప్పుకోవడానికి ఒక ఫొటో తప్ప దిక్కులేని నడివయసు మనిషి కనిపిస్తాడు.

ఇలాంటి అనుభవం చాలామందికి 2020 లాక్‌డౌన్‌లో ఎదురైంది. దూరదర్శన్ తన పాత కార్యక్రమాలను మళ్లీ ప్రసారం చేసినప్పుడు, 1993 నాటి మూడు తరాల ఉమ్మడి కుటుంబం కథ ‘దేఖ్ భాయ్ దేఖ్’ కూడా తిరిగొచ్చింది. ఒకప్పుడు అందులోని పిల్లల పక్షాన కూర్చుని నవ్వినవాళ్లు ఈసారి పెద్దల పక్షాన కూర్చున్నారు. తెలుగిళ్లలో దీనికి ఇంకో పొర ఉంది. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన రోజుల్లో పిల్లలు ఈ సీరియళ్లను ముఖాలు, గెంతులు, వెనకాల వినిపించే నవ్వుల ఆసరాతోనే చూశారు. అమ్మానాన్నలు గొంతు తగ్గించి మాట్లాడుకునే మాటలు వాళ్లకు సగమైనా అంది ఉండవు.

సీరియల్‌లో ఒక్క మాట మారలేదు. మారింది చూసే మనిషి. ఆ మార్పు ఏమిటన్నది మనస్తత్వ శాస్త్రం, నాడీశాస్త్రం రెండింటికీ ఆసక్తి కలిగించే ప్రశ్నే. వయసు పెరిగింది కాబట్టి అనేది తేలికైన జవాబు. తప్పు కాదు కానీ, దానితో పని పూర్తికాదు.

దొంగ కళ్లు, కొనుగోలుదారు కళ్లు

1978లో రిచర్డ్ ఆండర్సన్, జేమ్స్ పిచర్ట్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం గురించి ప్రచురించారు. ఇద్దరు కుర్రాళ్లు బడి ఎగ్గొట్టి, అమ్మ లేని సమయం చూసి ఒకరి ఇంటికి వెళతారు. వాళ్లు గది గదీ తిరుగుతుంటే ఇల్లంతా మనకు కనిపిస్తుంది. కథ అంతే. చదివేవారిలో కొందరిని ఆ ఇంటికి కన్నం వేయబోయే దొంగలా, మరికొందరిని ఆ ఇల్లు కొనబోయే మనిషిలా ఊహించుకోమన్నారు. దొంగలకు విలువైన వస్తువులు గుర్తున్నాయి. కొనేవాళ్లకు కారే పైకప్పులాంటివి గుర్తున్నాయి.

ఇంతవరకూ ఆశ్చర్యం లేదు. అసలు విషయం తర్వాతే జరిగింది. గుర్తున్నదంతా రాసేశాక, కథను మళ్లీ చదవనివ్వకుండానే, పాత్రలు మార్చుకోమన్నారు. ఇప్పుడు దొంగ కొనుగోలుదారు అయ్యాడు. కొద్దిసేపటి క్రితం ఎంత తడుముకున్నా దొరకని వివరాలు కొన్ని అతనికి గుర్తొచ్చాయి. అంటే అవి ముందే బుర్రలో ఉన్నాయి. బయటికి లాగే కొక్కెమే లేదు.

పాత సీరియల్ సంగతికి దీన్ని అన్వయించుకుంటే ఒక చిత్రమైన విషయం అర్థమవుతుంది. ఆనంద్ మాథుర్ అలసట 1995లోనే పిల్లల కంటపడి ఉండవచ్చు. ఆ రోజు దాన్ని అందుకునే కొక్కెం వాళ్ల దగ్గర లేదు. బిడ్డ పుట్టడం కొత్త సమాచారాన్ని ఇవ్వడమే కాదు, పాత సమాచారానికి కొత్త కొక్కెం కూడా తగిలిస్తుంది.

తెరమీద బొమ్మ నడుస్తున్నప్పుడు మెదడులో ఏం జరుగుతుందో ఫిన్లాండ్ పరిశోధకులు 2014లో చూపించారు. ‘డెస్పరేట్ హౌస్‌వైవ్స్’ అనే అమెరికన్ సీరియల్‌లోని 10 నిమిషాల భాగాన్ని 33 మందికి ఎమ్మారై యంత్రంలో రెండేసిసార్లు చూపించారు. ఒకసారి డిటెక్టివ్‌లా, ఒకసారి ఇంటి అలంకరణ చేసే నిపుణుడిలా చూడమన్నారు. కళ్లముందు అవే దృశ్యాలు, చెవిలో అవే మాటలు. అయినా ఒకే కోణం పంచుకున్నవాళ్ల మెదళ్లలో కొన్ని భాగాలు ఒకదానితో ఒకటి ఎక్కువగా లయ కలిపాయి. ఇది పది నిమిషాల కోసం అరువు తెచ్చుకున్న పాత్ర. తల్లిదండ్రుల పాత్రకు రాత్రీ పగలూ సెలవుండదు.

ఏడుపు ముందు, నవ్వు వెనక

స్విట్జర్లాండ్‌లోని బేసెల్ పరిశోధకులు 2003లో పసిపిల్లల ఏడుపు, నవ్వు శబ్దాలను పిల్లలున్నవారికీ లేనివారికీ వినిపించి మెదడు స్పందనను చూశారు. భయాన్ని, ప్రాముఖ్యాన్ని పసిగట్టడంలో ముఖ్యపాత్ర పోషించే అమిగ్డలా అనే భాగం పిల్లలు లేనివారిలో నవ్వుకు ఎక్కువగా స్పందించింది. పిల్లలున్నవారిలో ఏడుపుకు ఎక్కువగా స్పందించింది. ఈ తేడా ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఒకేలా కనిపించింది. హాస్య సీరియల్‌లో వెనకగదిలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, కథ దాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగిపోయినా, కొత్తగా తల్లైనామె చెవి అక్కడే ఆగిపోవడంలో వింతేమీ లేదు.

మార్పు మెదడు ఆకృతిలో కూడా కనిపిస్తుంది. స్పెయిన్‌లోని బార్సిలోనా పరిశోధకులు 25 మంది స్త్రీల మెదళ్లను తొలి కాన్పుకు ముందూ తర్వాతా పోల్చారు. ఎదుటివారి మనసు అర్థం చేసుకోవడానికి పనికొచ్చే ప్రాంతాల్లో బూడిదరంగు పదార్థం కొంత తగ్గింది, ఆ తగ్గుదల కనీసం రెండేళ్లు నిలిచింది. తగ్గడం అంటే నష్టం అనుకోనక్కరలేదు. ఆ స్త్రీల జ్ఞాపకశక్తి దెబ్బతినలేదు. కౌమారంలో అక్కరలేని లంకెలు తెగి మెదడు పదునెక్కినట్టే ఇదీ కావచ్చని ఆ బృందం భావించింది.

మరి నాన్నలు? ఇక్కడ ‘తల్లి మనసు’ అనే మన పాత మాట కొంచెం తడబడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను 2005 నుంచి 2009 వరకు గమనించినప్పుడు, ఆ మధ్యకాలంలో తండ్రులైనవారిలో టెస్టోస్టిరాన్ హార్మోను మిగతావారిలో కంటే ఎక్కువగా పడిపోయింది. రోజుకు 3 గంటలో అంతకంటే ఎక్కువో బిడ్డ పనుల్లో గడిపేవారిలో ఆ స్థాయి ఇంకా తక్కువగా ఉంది. 2014లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు తండ్రుల మెదళ్లను పరిశీలించారు. బిడ్డను స్వయంగా చూసుకునే సమయం ఎక్కువగా ఉన్నకొద్దీ అమిగ్డలాకూ, ఎదుటివారి ముఖకవళికలను, కదలికలను చదివే భాగానికీ మధ్య అనుసంధానం బలంగా కనిపించింది. కన్నంత మాత్రాన సరిపోదు, బిడ్డతో గడిపిన గంటలే లెక్క. పాత సీరియళ్లలో నాన్నలు ఎక్కువగా పేపరు చదువుతూ, ఆఫీసునుంచి వస్తూ కనిపిస్తారు, లంగోటా మార్చే నాన్న ఎక్కడా తగలడు. ఈనాటి నాన్నకు ఆ లోటు నవ్వుకంటే ముందు కనబడితే, అందులో ఆ గంటల పాత్ర కొంత ఉండి ఉంటుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఎమ్మారైలో కనిపించిన మార్పునుంచి సోఫాలో కూర్చున్న మనిషి కళ్లనీళ్లదాకా నేరుగా గీత గీసేయకూడదు. ‘మెదడు మారింది కాబట్టి నవ్వు రాలేదు’ అన్న వాక్యం వినడానికి బాగుంటుంది గానీ, మధ్యలో చాలా మెట్లున్నాయి. వాటిలో ఒక మెట్టు హాస్యం ఎలా పుడుతుందన్నదే.

పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ 2010లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం నవ్వు రావాలంటే రెండు విషయాలు ఒకేసారి జరగాలి. ఏదో ఒకటి హద్దు దాటాలి, కానీ దానివల్ల ఎవరికీ హాని లేదనీ అనిపించాలి. హద్దు దాటకపోతే విసుగు, హాని ఉందనిపిస్తే బాధ. ‘హమ్ పాంచ్’లో రాధిక అనే కూతురికి చెవులు సరిగా వినబడవు. ఒకటి అడిగితే మరొకటి చెబుతుంది, ఇల్లంతా నవ్వుతుంది. పిల్లలకు అది తిరకాసు మాటల ఆట. పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష చేయించి, ఫలితం వచ్చేవరకూ ఊపిరి బిగబట్టుకున్న తల్లికి అందులో ‘హాని లేదు’ అన్న సగం ఊడిపోతుంది. మిగిలేది హద్దు దాటడమే. జోకులో తప్పొప్పుల మాట అలా ఉంచితే, ఆమెకు ఆ విషయం దూరం నుంచి దగ్గరికి వచ్చేసింది.

ఇదంతా వయసు ప్రభావమేనేమో అన్న అనుమానానికి రిచర్డ్ ఐబాక్, స్టీవెన్ మాక్ 2011లో ప్రచురించిన ప్రయోగాలు కొంత బదులిస్తాయి. తల్లిదండ్రులైనవారిలో కొందరికి ముందుగా వాళ్ల పాత్రను గుర్తుచేసి ఆ తర్వాత ప్రమాదాల గురించి అడిగారు. గుర్తుచేసినవారికి ప్రమాదాలు పెద్దవిగా కనిపించాయి, అపరిచితులమీద నమ్మకం తగ్గింది. వయసులు అవే, మెదళ్లు అవే. మారిందల్లా ఆ నిమిషంలో మనసులో ముందున్న పాత్ర. పిల్లలు నిద్రపోయాక ఒంటరిగా చూస్తే నవ్వొచ్చిన సన్నివేశమే, పక్కన కూతురు కూర్చున్నప్పుడు ఇబ్బంది పెట్టడం ఈ కోవకు చెందిందే.

ఐబాక్ మరికొందరితో కలిసి 2003లో చేసిన అధ్యయనం ఇంకొంచెం కటువైనది. తమలో వచ్చిన మార్పును మనుషులు లోకంలో వచ్చిన మార్పుగా పొరబడతారని అందులో తేలింది. బిడ్డ పుట్టాక తాము జాగ్రత్తపరులమయ్యామని గ్రహించకుండా, లోకమే ప్రమాదకరంగా తయారైందని నిర్ధారించుకుంటారు. ‘ఆ రోజుల్లో సీరియళ్లు ఎంత బాగుండేవి’ అన్నా, ‘ఇలాంటి చెత్త చూసి ఎలా నవ్వామో’ అన్నా, ఆ తీర్పులో సీరియల్ వాటా ఎంత, చూసే మనిషి వాటా ఎంత అన్నది విడదీసి చూసుకోవాలి. ఆడపిల్లలు ఐదుగురా అంటూ పుట్టించే నవ్వు విషయంలో సీరియల్ వాటా కూడా తక్కువేం కాదు. అది ఆనాటి సమాజం వాటా.

ఆర్.కె. లక్ష్మణ్ సామాన్యుడి స్ఫూర్తితో 1988లో దూరదర్శన్‌లో వచ్చిన ‘వాగ్లే కీ దునియా’కు 2021లో సోనీ సబ్ చానెల్‌లో కొనసాగింపు మొదలైంది. ఆనాటి మధ్యతరగతి తండ్రి శ్రీనివాస్ వాగ్లేగా నటించిన అంజన్ శ్రీవాస్తవ్ ఇందులో తాతయ్య. కొడుకు రాజేశ్ ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. 1988లో పిల్లలుగా చూసినవాళ్లు రాజేశ్ ఈడువాళ్లు. వాళ్ల పక్కన కూర్చున్న పిల్లలకు ఇందులో నవ్వొచ్చే చోట్లు వేరు, వెనక పడక్కుర్చీలో ఉన్న తాతయ్యకు నవ్వొచ్చే చోట్లు వేరు.