పులిజూదము

ఎల్లారెడ్డికి చేరువనున్న పోచారము అభయారణ్యములో చిరుతపులులు కలవు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల కాపరులకు మేక యనిన బ్రతుకు, పులి యనిన భయము. అట్టివారు చెట్టునీడను బండపై బొగ్గుతో పటము గీచి, పులిమేకల ఆట యాడుటలో వింత యేమున్నది? దీనినే పులిజూదమందురు. పేరునకు జూదమేకాని ఇందు పాచికలు లేవు. అదృష్టమునకు చోటే లేదు.

పటపు శిఖరమునుండి నాలుగు గీతలు విప్పారి అడుగుగీతను చేరును. వానిని మూడు అడ్డగీతలు ఖండించును. ఆ అడ్డగీతల కొనలను ఇరుప్రక్కల నిలువుగీతలు కలుపును. శిఖరము ఒకటి, అడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగున 4. వెరసి 23 స్థానములు. ఒకనికి మూడు పులులు, రెండవవానికి 15 మేకలు. గులకరాళ్లు పులులు, చింతగింజలు మేకలు. మేకలను ఒక్కొక్కటిగా దింపవలెను; అన్నియు దిగువరకు ఏ మేకయు కదలరాదు. పులులలో నొకటి ప్రతి తడవ ఒక స్థానము జరుగవచ్చును. ప్రక్కనున్న మేకకు ఆవల, అదే గీతపై, చోటు ఖాళీగానున్నచో దూకి దానిని చంపును. పులులన్నిటిని కదలనీయక బంధించినచో మేకలవాడు గెలుచును.

మేకలవానికి రెండు మార్గములు కలవు. క్రొత్తగా నేర్చినవాడు మూలలను పట్టును. నిలువుగీతల కొనలు నాలుగు, అడుగుగీత కొనలు రెండు. ఈ ఆరింట నున్న మేకను ఏ పులియు దూకజాలదు, ఆవల చోటే లేదు గనుక. ఆరు మేకలు క్షేమము. మరి తక్కిన తొమ్మిది?

రెండవది జంటలుగా నిలుపుట. మేక వెనుక మేక యున్నచో పులి దూకలేదు. కాని జంటలో మొదటిది ఒక యెత్తువరకు ఒంటరియే. పులి దూరముననున్నప్పుడే ఈ పని సాగును. ఇట్లు గోడ పెంచుచు పులులను అంచులకు నెట్టవలెను. అంచులకేల? మూలనున్న పులికి ప్రక్క చోట్లు రెండు, వాని ఆవలివి రెండు. నాలుగు మేకలతో అది బందీ. పటము నడుమనున్న పులికి ప్రక్కవి నాలుగు, ఆవలివి నాలుగు. ఎనిమిది మేకలు కావలెను. మూడు పులులును మూలలకు చేరినచో 12 మేకలే చాలును. మూడు మేకలు చచ్చినను ఆట దక్కును. మూలలన్నిటిని మేకలతో నింపినవాడో, పులులకు తగిన చెరసాలలను తానే మూసికొనినవాడగును!

నేపాళములో బాఘ్‌చాల్ అను ఇట్టి ఆటయే కలదు. అచ్చట 25 స్థానములు, 4 పులులు, 20 మేకలు. ఉభయులును తప్పు చేయనిచో అది ఎవరికిని దక్కదని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అను పండితులు కంప్యూటరుతో లెక్కించి నిరూపించిరి. పల్లెబండపై ఆడువారు మాత్రము తప్పులు చేయుదురు, చేయింతురు కూడ.

పులులవానికిని ఇట్టి సందిగ్ధమే. నడుమ నిలిచి ఓర్పుతో నుండవలెనా, కంటబడిన మేకనెల్ల వేటాడవలెనా? నేర్పరి ఇది యెరిగి, మూలచెంత ఒక మేకను ఎరగా విడుచును. పులి దూకి మూలకు చేరును. తినిన సంతోషములో పులులవాడు తరువాతి యెత్తున వేరొక పులిని కదలించెనా, మేకలవాడు రెండెత్తులలో దాని వెనుక ద్వారము మూసివేయును.