ఆ ఇంటి పొయ్యి ఆరలేదు!

రాత్రి భోజనాలు అయిపోయాయి. గిన్నెలు కడిగేశారు. వంటిల్లు సర్దేశారు. సరిగ్గా అప్పుడు గుమ్మంలో నలుగురు చుట్టాలు దిగితే? ఏ ఇల్లాలికైనా గుండెల్లో రాయి పడుతుంది. గ్యాస్ పొయ్యి, కుక్కరు, ఫ్రిజ్జు, వీధి చివర కర్రీ పాయింటు ఉన్న ఈ రోజుల్లోనే పరిస్థితి ఇది.

మరి నూట యాభై ఏళ్ళ కిందట? అదీ, వచ్చినవాళ్ళు చుట్టాలు కూడా కాకపోతే? ఒక్కరోజు కాదు, రోజూ అలాగే వస్తుంటే?

కోనసీమలో ఒక ఇల్లాలు దశాబ్దాల పాటు అలాంటి అతిథులకు వండి వడ్డించింది. పేరూ ఊరూ అడిగేముందు ఆకలి సంగతి అడిగింది. ఆమే డొక్కా సీతమ్మ. గోదావరి జిల్లాల్లో ‘అపర అన్నపూర్ణ’ అంటే పెద్దవాళ్ళకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చే పేరు అదే.

బువ్వన్న గారి అమ్మాయి

సీతమ్మ 1841 అక్టోబరులో మండపేటలో పుట్టింది. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. వచ్చినవారికి అన్నం పెట్టకుండా పంపే అలవాటు లేని మనిషి కావడంతో ఆ తండ్రిని ఊళ్ళో ‘బువ్వన్న’ అని పిలిచేవారట. పిల్లలు అన్నాన్ని పిలుచుకునే మాటే ఆయనకు పేరైపోయింది!

తల్లి చిన్నతనంలోనే పోవడంతో ఇంటి బాధ్యత సీతమ్మ మీద పడింది. ఎసరు ఎప్పుడు పెట్టాలో, ఎంత బియ్యం పోయాలో ఆమె పుట్టింట్లోనే నేర్చుకుంది. కోనసీమలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న దారిలో భోజనవేళకు బువ్వన్న గారింటికి వచ్చారు. ఆయన వేదం చదువుకున్న రైతు. ఆ ఇంటి ఆదరణా, అమ్మాయి ఓర్పూ చూసి ముచ్చటపడి పెళ్ళి మాట కదిపారు. అలా సీతమ్మ గన్నవరం కోడలైంది.

ఏటి ఒడ్డున ఇల్లు

లంకల గన్నవరం వైనతేయ తీరాన ఉంది. వైనతేయ అంటే సముద్రం చేరే ముందు చీలిన గోదావరి పాయల్లో ఒకటి. ఇప్పుడు కారులో నిమిషాల్లో దాటేసే దూరాలు ఆ రోజుల్లో పూట ప్రయాణాలు. రేవు దగ్గరకు చేరాలి, పడవ కోసం కాచుకోవాలి. గాలి ఎదురైతే ఆలస్యం, వరద వస్తే అసలు ప్రయాణమే లేదు. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వెళ్ళేవాళ్ళు, పెళ్ళివాళ్ళు, చదువుకోవడానికి పోయేవాళ్ళు, పనులు వెతుక్కుంటూ పోయేవాళ్ళు... అందరికీ ఏటి దగ్గర ఆగడం తప్పేది కాదు. దారిలో హోటళ్ళు లేవు. మూటలో తెచ్చుకున్న అన్నం అయిపోతే పస్తే!

అలా ఆకలితో రేవు దిగినవారికి ఊళ్ళో కనిపించిన గుమ్మం జోగన్న గారిది. మొదట ఒకరిద్దరు వచ్చి ఉంటారు. తిన్నవాళ్ళు పదిమందికి చెప్పారు. క్రమంగా ‘గన్నవరం చేరితే చాలు, సీతమ్మ గారున్నారు’ అన్న ధైర్యం బాటసారుల్లో స్థిరపడింది. కులం, మతం చూడకుండా అన్నం పెట్టేదని చెబుతారు. కులం కట్టుబాట్లు అంత గట్టిగా ఉన్న 19వ శతాబ్దంలో అది చిన్న విషయం కాదు.

ఎందరొస్తారో తెలియని వంట

ఇంతమందికి అన్నం పెట్టిందని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. కానీ ఆ రోజుల్లో అన్నం పెట్టడమంటే ఏమిటి?

బియ్యం బస్తాలో రావు. గాదెలోని వడ్లు తీసి, ఎండబెట్టి, రోట్లో పోసి రోకలితో దంచాలి. చేటతో చెరగాలి. మెరికలు, రాళ్ళు ఏరాలి. పప్పు కావాలంటే కందులు తిరగల్లో విసరాలి. నీళ్ళు తోడాలి. కొబ్బరి మట్టలు, పుల్లలు వానాకాలం కోసం ముందే ఎండబెట్టి దాచాలి. పచ్చి కట్టె పొగకు కళ్ళు మండిపోతాయి. పాలు తోడుపెట్టాలి, చల్ల చిలకాలి. ఏడాదికి సరిపడా ఊరగాయలు ఎండాకాలంలోనే జాడీలకు ఎత్తాలి. కోనసీమలో అరటాకులకు కొదవ లేదు కనుక విస్తళ్ళకు ఇబ్బంది లేదు. తోటలో అరటికాయ, కంద, పెండలం, పనస ఉంటాయి. మిగతాదంతా ఆడవాళ్ళ రెక్కల కష్టమే.

పెళ్ళి వంటకైతే లెక్క ఉంటుంది. ఇన్ని విస్తళ్ళు లేస్తాయి, ఇన్ని మానికల బియ్యం పోయాలి అని ముందే అనుకోవచ్చు. సీతమ్మ వంటకు ఆ లెక్క లేదు. ఎక్కువ వండితే వృథా, తక్కువ వండితే ఒకరు పస్తు. అర్ధరాత్రి పడవ దిగినవాళ్ళకు మళ్ళీ పొయ్యి రాజెయ్యాలి. ఒకసారి వరదల్లో లంకలో చిక్కుకుని ఆకలితో కేకలు వేస్తున్న మనిషి కోసం అప్పటికప్పుడు వండి, భార్యాభర్తలిద్దరూ పడవలో అన్నం తీసుకెళ్ళారన్న కథ ఇప్పటికీ ఆ ప్రాంతంలో వినిపిస్తుంది.

స్వామి దాకా వెళ్ళకుండానే...

నిత్యం ఇలా గడిపే మనిషికి తనకంటూ ఒక కోరిక ఉండదా? ఉంది. అంతర్వేది వెళ్ళి నరసింహస్వామిని చూడాలని.

ఎట్టకేలకు ఒకసారి బయల్దేరింది. దారిలో విశ్రాంతికి ఆగినచోట ఒక పెళ్ళిబృందం కనిపించింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. కాస్త ఓర్చుకోండి, గన్నవరం వెళితే సీతమ్మ గారు అన్నం పెడతారు అని పెద్దలు వాళ్ళను బుజ్జగిస్తున్నారు. వాళ్ళకు ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. ఆ మాట చెవిన పడగానే సీతమ్మ ప్రయాణం ఆపేసింది. వాళ్ళకంటే ముందు ఇంటికి చేరి పొయ్యి వెలిగించింది.

సీతమ్మ గురించి చెప్పేవాళ్ళు వదలకుండా చెప్పే కథ ఇది. త్యాగానికి గుర్తుగా చెబుతారు. ఏ ఇంటి ఆడపడుచు విన్నా ఇందులో ఇంకో సంగతి కూడా కనబడుతుంది. ఎంతో కాలంగా అనుకున్న ఒక్క ప్రయాణం... ఇంట్లో ఎవరో అన్నానికి వస్తున్నారని ఆగిపోవడం! అలా ఆగిపోయిన ప్రయాణాలు మన ఇళ్ళల్లో ఎన్ని లేవు?

బంగారు బిందె కథ

కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు. కూర్చోబెట్టి పెడితే? ఏళ్ళ తరబడి అన్నదానంతో జోగన్న గారి ఆస్తి కరుగుతూ వచ్చిందనీ, అయినా ఇద్దరూ ఆపలేదనీ చెబుతారు. అప్పుడే పొలంలో తవ్వుతుంటే జోగన్న గారికి బంగారం ఉన్న బిందె దొరికిందని ఒక కథ.

నిజమెంతో ఎవరు చెప్పగలరు? కానీ ఆ కథ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. ఒక మామూలు రైతు కుటుంబం ఇంతమందికి ఇన్నేళ్ళు ఎలా పెట్టగలిగిందన్నది చూసినవాళ్ళకు అంతుబట్టలేదు. అందుకే బంగారు బిందెను తెచ్చి లెక్క సరిపెట్టారు. దంచిన వడ్లూ, విసిరిన పప్పూ, నిద్ర లేని రాత్రులూ మాత్రం ఆ లెక్కలోకి ఎక్కలేదు.

చక్రవర్తికి ఫొటో

సీతమ్మ పేరు దొరల దాకా వెళ్ళింది. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకాన్ని పురస్కరించుకుని 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ సందర్భంగా ఆమెను గౌరవించాలనుకున్నారు. రమ్మంటే ఆమె వెళ్ళలేదు. కనీసం ఫొటో అయినా ఇమ్మన్నారు. తాను పేరు కోసం అన్నం పెట్టడం లేదని అందుకూ ఒప్పుకోలేదట! ఫొటో తీసుకెళ్ళకపోతే తన ఉద్యోగానికే ముప్పని అధికారి మొరపెట్టుకున్నాకే కెమెరా ముందు కూర్చుందని చెబుతారు. ఒకరి పొట్ట కొట్టడం ఇష్టం లేక చక్రవర్తి మాట విన్నదన్నమాట!

1909 ఏప్రిల్ 28న సీతమ్మ కన్నుమూసింది. అప్పటికి ఆమెకు అరవై ఏడు దాటాయి.

పేరు నిలిచింది... పని?

ఆమె ఊరికి దగ్గర్లో, పి.గన్నవరం వద్ద కాలువ నీటిని వైనతేయ మీదుగా అవతలి ఒడ్డుకు చేర్చే అక్విడెక్టు ఉంది. పాతది కాటన్ దొర కాలం నాటిది. దాని పక్కన కట్టి 2000లో ప్రారంభించిన కొత్త అక్విడెక్టుకు సీతమ్మ పేరే పెట్టారు. అన్నం పండించే నీటికి అన్నం పెట్టిన మనిషి పేరు! 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ ఆ భోజనం వచ్చింది.

పేరు సరే, ఆమె చేసిన పని మాటేమిటి? ఇంటి పనికి జీతం లేదు కనుక విలువ లేదనుకునే అలవాటు మనకింకా పోలేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పనులు చేసే మగవాళ్ళు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. రోడ్డు ప్రమాదంలో గృహిణి చనిపోతే పరిహారం లెక్కగట్టేటప్పుడు ఆమె ఇంటి పనికీ ఆదాయం విలువ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2021 జనవరిలో ఇచ్చిన తీర్పులో గట్టిగా చెప్పింది. ఇంట్లో ఉన్నంతకాలం కనబడని విలువ, మనిషి పోయాక కోర్టులో తేలాల్సి రావడమే విచారం.

సీతమ్మ ఏ సంఘం పెట్టలేదు, చందాలు వసూలు చెయ్యలేదు. తన ఇంటి వాళ్ళకు చేసే పనినే గుమ్మం దాటించి అందరికీ చేసింది. పండగకు గుడిలో ప్రసాదాలు వండేవాళ్ళు, వరదలప్పుడు పులిహోర పొట్లాలు కట్టేవాళ్ళు, పక్కింట్లో చావు జరిగితే అడగకుండానే అన్నం పంపేవాళ్ళు... ఊరూరా ఉన్నారు. వాళ్ళ పేర్లు అక్విడెక్టులకు పెట్టరు. కానీ వాళ్ళు చేసేది ఆ పనే.

ఆకలేసినవాడిని చూడగానే సీతమ్మ అడిగిన మాట ‘తిన్నావా?’ అనే. ఈ ఆదివారం అందరికీ కొసరి కొసరి వడ్డించి, చివర్న అడుగూ బొడుగూతో సరిపెట్టుకునే మనిషిని మనమూ ఆ మాట అడుగుదాం. ఆవిడ కూర్చున్నాక, వడ్డన మనం చేద్దాం!